పరీక్షించింది ఒకటి, పంపింది ఇంకొకటి: బెంగళూరులో ఒక బిల్లింగ్ సంస్థ కేసు

సంస్థ పేరు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని అంకెలు గుండ్రం చేశాం. సాంకేతిక కారణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాం, ఈ కేసులో పనికొచ్చేది అదే కాబట్టి.

నేపథ్యం

ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద. టోకు డిస్ట్రిబ్యూటర్లకు ఆర్డర్లు, సరుకు నిల్వలు, జీఎస్టీ బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ని నెలవారీ చందాకి ఇస్తారు. పాలు, కూరగాయలు, కిరాణా సరుకు పంచేవాళ్లు ఎక్కువమంది వాడతారు. అంటే తెల్లవారుజామున 4 గంటలకే బండి లోడయ్యేటప్పుడు బిల్లులు పడుతుంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంజనీర్లు 26 మంది. సర్వీసులు (విడివిడిగా నడిచే ప్రోగ్రాములు) 14: జావాలో స్ప్రింగ్ బూట్‌తో 9, నోడ్ జేఎస్‌తో 5. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో ఈకేఎస్ (అక్కడి కుబెర్నెటిస్, అంటే కంటైనర్లను నడిపి చూసుకునే వ్యవస్థ) మీద నడుస్తాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, సర్వీసుల మధ్య కబుర్లకు మెసేజ్ క్యూ ఎస్‌క్యూఎస్, కోడ్‌ని నడిపే రూపంలోకి కట్టే బిల్డ్‌లకు జెంకిన్స్. కస్టమర్లు వాడే ప్రొడక్షన్‌కి పంపేముందు పరీక్షించే చోటు, అంటే అందరూ పంచుకునే స్టేజింగ్, ఒక్కటే. దాని కోసం గ్రూపులో "ఇవాళ స్టేజింగ్ నాది, ఎవరూ ముట్టుకోకండి" అన్న మెసేజ్ రోజూ ఎవరో ఒకరు పెట్టేవారు.

రిలీజ్ రెండు వారాలకోసారి, గురువారం రాత్రి 10కి. ఆ రోజే ఎందుకంటే, శుక్రవారం సాయంత్రానికి టీమ్‌లో సగంమంది మారతహళ్లిలోనో మడివాళలోనో అనంతపురం, కర్నూలు, నెల్లూరు, ఒంగోలు బస్సులు ఎక్కేస్తారు. గురువారం రాత్రి పంపితే, ఏదైనా పాడైనా బాగుచేయడానికి శుక్రవారం పగలంతా చేతిలో ఉంటుందన్నది లెక్క. రాత్రి పూట వాడకం తక్కువ కాబట్టి దెబ్బ కూడా చిన్నదే అవుతుందన్నది రెండో లెక్క. రెండూ వినడానికి సబబుగానే ఉన్నాయి. రెండో లెక్క తప్పని తేలడానికి చాలాకాలం పట్టింది.

వచ్చిన సమస్య

యాజమాన్యం అడిగింది ఒకటే: "స్టేజింగ్‌లో అన్నీ పాసయ్యాయి అంటారు, ప్రొడక్షన్‌లో మాత్రం పడుతుంది. ఇంకో ఎన్విరాన్‌మెంట్ పెడదామా?" ప్రొడక్షన్‌కి అచ్చం నకలుగా ప్రీ-ప్రొడ్ అని ఒకటి కట్టడానికి అప్పటికే బడ్జెట్ కూడా ఇచ్చేశారు.

ఆ అడుగు వేసేముందు గత ఆరు నెలల్లో రిలీజ్ వల్ల వచ్చిన 11 గొడవలను కారణం ప్రకారం విడదీసి చూడాల్సింది. బృందం ఆ పని చేసింది గానీ ప్రీ-ప్రొడ్ పని మొదలుపెట్టాకే చేసింది. తేలింది ఇది. నాలుగింటికి కారణం బిల్డ్‌లోనో సెట్టింగుల్లోనో తేడా. మూడు డేటాబేస్ మార్పుల వల్ల. రెండింటిలో కోడ్‌ది తప్పేమీ లేదు, డిప్లాయ్ (కొత్త కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టడం) జరుగుతున్న ఆ రెండు మూడు నిమిషాల్లోనే 502 ఎర్రర్లు (వెనకున్న సర్వీసు సరిగా పలకలేదని చెప్పేవి) వచ్చాయి. కోడ్‌లో నిజంగా లాజిక్ తప్పింది రెండే. పరీక్షలు పెంచితే దొరికేవి ఈ రెండే. మిగతా తొమ్మిదీ పరీక్షలు చూడని చోట పుట్టినవి.

విఫలమైనవి

ప్రీ-ప్రొడ్ లేవడానికి మూడు వారాలు పట్టింది. డేటా దగ్గరే మొదటి చిక్కు. ప్రొడక్షన్ డేటా దింపేద్దామనుకున్నారు. దుకాణదారుల ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ అందులో ఉంటాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఎవరి సమాచారమైనా పరీక్షల కోసం ఇలా నకలు తీసి పెట్టుకోవడం తలనొప్పే. మాస్క్ చేసే స్క్రిప్ట్ రాశారు. అది కొత్త టేబుల్ వచ్చిన ప్రతిసారీ విరిగేది. రెండు నెలలు తిరిగేసరికి ఎవరో కన్సోల్‌లో చేత్తో ఒక సెక్యూరిటీ గ్రూప్ (నెట్‌వర్క్ అనుమతుల జాబితా) మార్చారు, సర్వర్ల అమరికని కోడ్‌గా రాసే టెర్రాఫార్మ్‌లో ప్లాన్ వేస్తే పేజీలకు పేజీలు తేడాలు. నకలు అనుకున్నది కాస్తా మూడో రకం ఎన్విరాన్‌మెంట్ అయింది.

కానీ అసలు లోపం అది కూడా కాదు. జెంకిన్స్ ప్రతి ఎన్విరాన్‌మెంట్‌కీ ఇమేజ్‌ని (కోడ్, అది నడవడానికి కావాల్సినవన్నీ కలిపిన మూటని) మళ్లీ కట్టేది. జావాకి మావెన్ ప్రొఫైల్స్ (ఎన్విరాన్‌మెంట్‌ని బట్టి మారే బిల్డ్ సెట్టింగులు) వేరు, వెబ్ ముఖానికి ఏపీఐ అడ్రస్ బిల్డ్‌లోనే అంటించేవారు. స్టేజింగ్‌కి సోమవారం కట్టిన ఇమేజ్, ప్రొడక్షన్‌కి గురువారం కట్టిన ఇమేజ్ ఒకే కమిట్ నుంచి వచ్చినా ఒకటి కావు. బేస్ ఇమేజ్‌కి (కింద పునాదిగా ఉండే ఇమేజ్‌కి) వెర్షన్ ట్యాగ్ మాత్రమే రాసి ఉంది, ఆ ట్యాగ్ కింద ఉన్న సరుకు మధ్యలో మారుతుంటుంది. పైగా నోడ్ లైబ్రరీలు దింపడానికి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ వాడుతున్నారు, లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసుండే లాక్‌ఫైల్‌ని ఉన్నది ఉన్నట్టు పాటించే ఎన్‌పీఎం సీఐ కాదు. ఒక గురువారం బిల్లుల పీడీఎఫ్‌లో ₹ గుర్తు బదులు, దుకాణాల తెలుగు పేర్ల బదులు ఖాళీ పెట్టెలు వచ్చాయి. బేస్ ఇమేజ్‌తో పాటు వస్తున్న ఫాంట్ ప్యాకేజీ కొత్తదాంట్లో లేదు. ₹ గుర్తు యూనికోడ్‌లోకి వచ్చిందే 2010లో. దాన్ని ఎరగని ఫాంట్లు ఇంకా చాలా ఉన్నాయి. స్టేజింగ్‌లో చూసి సరే అన్న ఇమేజ్ మంచిదే. ప్రొడక్షన్‌కి వెళ్లింది అది కాదు, అంతే. ప్రీ-ప్రొడ్ పెట్టాక ఆ ఇమేజ్‌ని మూడోసారి కట్టడం మొదలైంది.

రెండో ప్రయత్నం, ఎండ్-టు-ఎండ్ పరీక్షలు (సాఫ్ట్‌వేర్ అంతా కలిపి మొదటినుంచి చివరిదాకా నడిపి చూసేవి) పెంచడం. బ్రౌజర్‌ని తానే నడిపే సెలీనియంతో 180 దాకా చేరాయి, పూర్తవడానికి గంటా యాభై నిమిషాలు. ఇక్కడ కాగితం మీద లెక్క వేసినా సరిపోయేది. ఒక్కో పరీక్ష నూటికి 99.5 సార్లు నమ్మకంగా నడుస్తుందనుకుందాం, అది మంచి పరీక్ష కిందే లెక్క. 180 పరీక్షలూ ఒక్కసారికే పచ్చగా రావడానికి 0.995ని 180 సార్లు గుణిస్తే వచ్చేది దాదాపు 0.40. అంటే కోడ్‌లో తప్పే లేకపోయినా పదిసార్లకు ఆరుసార్లు ఎరుపే. కొన్నాళ్లకి ఎరుపు చూస్తే చదవడం మానేసి మళ్లీ నడపడం అలవాటైంది.

ఆ అలవాటు ఎంత ఖరీదైనదో ఒక్క పరీక్ష చెబుతుంది. బిల్లు తేదీ సరిచూసే పరీక్ష పగలంతా పాసయ్యేది, రాత్రి ఒంటిగంటకు నడిచే జాబ్‌లో పడేది. "ఫ్లేకీ" (నిలకడ లేనిది) అని చీటీ అంటించి పక్కన పెట్టారు. అదే సరైన పరీక్ష. సర్వీసు కంటైనర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోంది, తేదీ అడిగితే సిస్టమ్ జోన్ ప్రకారం ఇస్తుంది. మన సమయం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 5.30 దాకా సర్వీసు దృష్టిలో ఇంకా నిన్నే. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లు మన సమయంలోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఎప్పుడు నడిపినా పాసే. పాలవాళ్ల బిల్లులు పడేది సరిగ్గా ఆ వేళలోనే. మామూలు రోజుల్లో తేదీ ఒకరోజు వెనక్కి పడితే ఎవరూ పట్టించుకోలేదు. నెల మొదటి తారీఖున మాత్రం బిల్లు పోయిన నెల రిటర్న్‌లోకి వెళ్తుంది. ఏప్రిల్ 1న అయితే పోయిన ఆర్థిక సంవత్సరపు నంబర్ల వరసలోకే వెళ్లిపోతుంది. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఆ వరస ఏడాదికేడాది విడిగా ఉండాలి. గడియారాన్ని బయటినుంచి అందించేలా కోడ్ మార్చి, జోన్ ఏసియా/కోల్‌కతా అని తేటగా రాసి, పరీక్షలో గడియారాన్ని మార్చి 31 యూటీసీ 18.40 దగ్గర ఆపితే, అంటే మనకి ఏప్రిల్ 1 రాత్రి 12.10, తప్పు ప్రతిసారీ దొరుకుతుంది. పగలైనా రాత్రైనా.

మూడో ప్రయత్నం మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కోడ్ మార్పు ప్రతిపాదనకీ) 14 సర్వీసులతో విడి నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడి గది లాంటిది) లేపడం. జావా పాడ్‌కి (పాడ్ అంటే నడుస్తున్న సర్వీసు ఒక్కో ప్రతి) 1 జీబీ, నోడ్ పాడ్‌కి 256 ఎంబీ లెక్కన ఒక్కో సెట్టుకి 10 జీబీ పైన. ఎనిమిది పుల్ రిక్వెస్టులు తెరిచి ఉంటే 80 జీబీ దాటుతుంది. వెబ్ ముఖానికి ఒక్కదానికే ఆ సౌకర్యం ఉంచి మిగతాది తీసేశారు. డిజైన్ చూసేవాళ్లకి అంతవరకు చాలు.

పనిచేసినవి: ఒకే ఇమేజ్, ఒక్కసారే

కోడ్ మార్పు మెయిన్ బ్రాంచ్‌లో మర్జ్ అయినప్పుడు (కలిసినప్పుడు) ఇమేజ్ ఒక్కసారి కట్టాలి, ఆ తర్వాత ఎక్కడా కట్టకూడదు. స్టేజింగ్‌లో నడిచిన దాని షా-256 డైజెస్ట్ (ఇమేజ్ లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన వేలిముద్ర) ఏదో, ప్రొడక్షన్ మానిఫెస్ట్‌లోకి (ఏం నడపాలో చెప్పే ఫైల్‌లోకి) అదే ఎక్కాలి. ట్యాగ్‌ని ఎవరైనా ఎప్పుడైనా ఇంకో ఇమేజ్ మీదకి జరపొచ్చు, డైజెస్ట్‌ని జరపలేరు. ఇమేజ్‌లు దాచే రిజిస్ట్రీలో ట్యాగ్ మార్పు నిషేధం కూడా పెట్టారు. ఇమేజ్ తోయడానికి అనుమతి పైప్‌లైన్‌కి మాత్రమే. అంతకుముందు హడావిడిలో మ్యాక్‌బుక్ నుంచి తోసిన ఇమేజ్ ఒకటి ఆర్మ్ చిప్ కోసం కట్టినదై, ఎక్స్86 సర్వర్ల మీద "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని లేవకుండా పడి ఉంది.

మావెన్ ప్రొఫైల్స్ తీసేసి సెట్టింగులన్నీ బయటికి తెచ్చారు: మామూలువి కుబెర్నెటిస్ కాన్ఫిగ్‌మ్యాప్‌లో, పాస్‌వర్డ్‌లు సీక్రెట్స్ మేనేజర్‌లో. వెబ్ ముఖం దగ్గరే కాస్త ఆలోచించాల్సి వచ్చింది, ఎందుకంటే బ్రౌజర్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెలియవు. పేజీ లేచేముందు సర్వర్ నుంచి చిన్న జేసన్ ఫైల్ చదువుకునేలా పెట్టారు, దానికి క్యాష్ లేకుండా చేశారు. క్యాష్ సంగతి మరిచిపోతే పాత అడ్రస్‌తో రోజుల తరబడి తిరిగే బ్రౌజర్లు దొరుకుతాయి.

ఈ మార్పుతో కొత్తగా పుట్టే ఉచ్చు ఒకటుంది. కాన్ఫిగ్‌మ్యాప్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా వాడితే, దాన్ని మార్చినంత మాత్రాన నడుస్తున్న పాడ్‌లకు ఆ సంగతి తెలియదు. మూడు రోజుల తర్వాత ఏ సర్వరో చచ్చి పాడ్ కొత్తగా లేచినప్పుడు ఆ మార్పు అమల్లోకి వస్తుంది, అప్పుడు కారణం ఎవరికీ తట్టదు. కస్టమైజ్ (Kustomize) అనే టూల్‌లోని జనరేటర్‌తో కాన్ఫిగ్‌మ్యాప్ పేరుకి హ్యాష్ (లోపలి సెట్టింగు మారితే మారే గుర్తు) తగిలిస్తే, సెట్టింగు మారినా డిప్లాయ్‌మెంట్ మారినట్టే అయి పాడ్‌లు వెంటనే తిరిగి లేస్తాయి, రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి తిప్పడం) కూడా సెట్టింగుతో సహా జరుగుతుంది.

బేస్ ఇమేజ్‌లను కూడా డైజెస్ట్‌తోనే బిగించి, వారానికోసారి కొత్త వెర్షన్లు వెతికే రెనోవేట్ బాట్ పెట్టే పుల్ రిక్వెస్ట్ ద్వారా మార్చేలా చేశారు. మార్పు ఆగదు, కాకపోతే కళ్ల ముందు జరుగుతుంది. వాటిని ఏడబ్ల్యూఎస్ సొంత రిజిస్ట్రీ ఈసీఆర్‌లోకి నకలు కూడా తీసి పెట్టారు. అందరికీ తెరిచి ఉన్న ఇమేజ్ రిజిస్ట్రీ డాకర్ హబ్ 2020 నవంబర్‌లో తెచ్చిన పరిమితి ప్రకారం లాగిన్ లేకుండా ఒక ఐపీకి 6 గంటల్లో 100 పుల్స్ (దింపుకోవడాలు). బిల్డ్ మెషిన్లన్నీ ఒకే నాట్ గేట్‌వే వెనక ఉంటే బయటికి కనిపించేది ఒకే ఐపీ. సాయంత్రం 5 తర్వాత బిల్డ్‌లు ఎందుకు పడుతున్నాయో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు.

పరీక్షలను కిందికి దించడం

180 ఎండ్-టు-ఎండ్ పరీక్షల్లో 12 మిగిల్చారు. ఏవి ఉంచాలన్న దగ్గర గట్టి వాదనే జరిగింది. చివరికి డబ్బు, సరుకు చేతులు మారే దారులు మాత్రమే ఉంచారు: ఆర్డర్, నిల్వ తగ్గడం, బిల్లు, వసూలు, సరుకు వాపసు. మిగతా పని సర్వీసు లోపలి పరీక్షలకూ, సర్వీసుల మధ్య ఒప్పందం చూసే పాక్ట్ పరీక్షలకూ పోయింది.

జావా పరీక్షలు అప్పటిదాకా హెచ్2 అనే మెమరీ డేటాబేస్ మీద నడిచేవి. వేగంగా ఉంటుంది నిజమే. కానీ పోస్ట్‌గ్రెస్‌లోని జేసన్‌బీ ఆపరేటర్లు, పాక్షిక ఇండెక్సులు అక్కడ అలాగే ఉండవు, లాక్‌ల తీరు వేరు. అందుకని హెచ్2కి తగ్గట్టు క్వెరీలు రాయడం, ప్రొడక్షన్ కోసం వేరే దారి పెట్టడం జరుగుతోంది. ఇదీ పరీక్షించింది ఒకటి, పంపింది ఇంకొకటే. టెస్ట్‌కంటైనర్స్‌తో ప్రొడక్షన్‌లో ఉన్న మేజర్ వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌నే లేపారు. క్లాసుకొక కంటైనర్ లేపితే నత్తనడకే; మొత్తం పరీక్షలకు ఒక్కటే లేపి, ప్రతి పరీక్షనీ ట్రాన్సాక్షన్‌లో నడిపి చివర రోల్‌బ్యాక్ చేస్తే వేగంలో తేడా పెద్దగా తెలియలేదు.

క్యూల దగ్గర, ఏడబ్ల్యూఎస్‌ని మన మెషిన్‌లోనే అనుకరించే లోకల్‌స్టాక్ బాగానే పనికొచ్చింది, ముఖ్యంగా ఒకే మెసేజ్‌ని రెండుసార్లు పంపి చూసే పరీక్షకి. ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూ కనీసం ఒకసారి చేరుస్తానంటుందే గానీ ఒక్కసారే చేరుస్తానని ఎక్కడా చెప్పదు. విజిబిలిటీ టైమౌట్ (ఒకరు తీసుకున్న మెసేజ్ మిగతావాళ్లకి కనిపించకుండా ఉండే గడువు) మనం మార్చకపోతే 30 సెకన్లు. పెద్ద బిల్లు పీడీఎఫ్ తయారవడానికి 40 సెకన్లు పట్టినప్పుడు, 31వ సెకనులో అదే మెసేజ్ ఇంకో పాడ్ చేతికి చిక్కి రెండో బిల్లు పుట్టేది. టైమౌట్ 3 నిమిషాలు చేశారు, దానితో పాటు ఆర్డర్ నంబర్ మీద యూనిక్ నిబంధన పెట్టారు. టైమౌట్ పెంచి ఊరుకుంటే తప్పు అరుదవుతుందే గానీ పోదు.

లోకల్‌స్టాక్‌లో పట్టుబడనిది ఐఏఎం అనుమతులు (ఏ సర్వీసు దేన్ని వాడొచ్చో చెప్పే ఏడబ్ల్యూఎస్ నియమాలు). మామూలుగా అది అనుమతులు చూడకుండానే పని కానిచ్చేస్తుంది. కొత్త క్యూ పెట్టి అనుమతి రాయడం మరిచిపోతే పరీక్షలన్నీ పచ్చగానే ఉంటాయి. అందుకని స్టేజింగ్‌లో డిప్లాయ్ అయిన వెంటనే, సర్వీసు సొంత రోల్‌తోనే ఒక మెసేజ్ వేసి, ఒక ఫైల్ రాసి చదివే చిన్న జాబ్ నడుస్తుంది. 20 సెకన్ల పని.

డేటాబేస్ మార్పుల్ని విడదీయడం

అన్నిటికంటే ఎక్కువ తర్కం అవసరమైంది ఇక్కడే. పాత పద్ధతిలో అప్లికేషన్ లేచేటప్పుడే ఫ్లైవే మైగ్రేషన్లు (డేటాబేస్ అమరిక మార్చే స్క్రిప్టులు) నడిచేవి. ఆరు పాడ్‌లలో ఒకటి లాక్ పట్టుకుని పని చేస్తుంది, కొత్తగా లేచిన మిగతావి దాని కోసం కాచుకుంటాయి. సర్వీసు బతికుందా అని చూసే లైవ్‌నెస్ ప్రోబ్ మాత్రం తన దారిన 10 సెకన్లకోసారి తట్టి, మూడుసార్లు పలక్కపోతే కంటైనర్‌ని చంపేస్తుంది. అంటే అర నిమిషం దాటే మైగ్రేషన్ ఎప్పటికీ పూర్తి కాదు: చంపడం, పోస్ట్‌గ్రెస్ వెనక్కి తీసుకోవడం, మళ్లీ మొదటినుంచి. మైగ్రేషన్‌ని డిప్లాయ్‌కి ముందు నడిచే విడి జాబ్‌గా మార్చారు.

రెండోది లాక్ వరస. టేబుల్ అమరిక మార్చే ఆల్టర్ టేబుల్ అన్నది మిల్లీసెకన్ల పనే కావచ్చు, కానీ దానికి టేబుల్ మీద పూర్తి హక్కు కావాలి. ముందు ఎవరిదో పది నిమిషాల రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే ఆల్టర్ ఆగుతుంది, దాని వెనక వచ్చిన మామూలు సెలెక్ట్‌లన్నీ ఆల్టర్ వెనక ఆగుతాయి. బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర యూటర్న్ కోసం అడ్డం నిలబడ్డ ఒక్క లారీ చేసే పనే ఇది. లాక్ టైమౌట్ 3 సెకన్లు పెట్టి, దొరక్కపోతే తప్పుకుని 20 సెకన్ల తర్వాత మళ్లీ ప్రయత్నించేలా చేశారు, పదిసార్ల దాకా. ఇండెక్సులు కంకరెంట్‌గా (టేబుల్‌లో రాతలు ఆపకుండా) కట్టాలి. అది ట్రాన్సాక్షన్ లోపల కుదరదు, మధ్యలో పడితే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి. అదే పేరుతో "లేకపోతేనే కట్టు" అని రాస్తే, చెల్లని ఇండెక్స్ ఉందిగా అని ఊరుకుంటుంది.

మూడోది అసలు నియమం: పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే స్కీమా (టేబుళ్ల అమరిక) మీద బతకాలి. కస్టమర్ టేబుల్‌లో ఒక ఫోన్ నంబరే పట్టే కాలమ్ బదులు ఎక్కువ నంబర్లు పట్టే వేరే టేబుల్ పెట్టాలనుకున్నారు. పాత పద్ధతిలో ఒక్క రాత్రి పని. కొత్త పద్ధతిలో నాలుగు డిప్లాయ్‌లు: కొత్త టేబుల్ చేర్చడం, రెండు చోట్లా రాస్తూ పాత డేటాని 5,000 వరసల చొప్పున నింపడం, చదవడం కొత్తచోటికి మార్చడం, చివర పాత కాలమ్ తీసేయడం. "ఇంత చిన్నదానికి నాలుగుసార్లా" అని సణిగినవాళ్లున్నారు. వాళ్ల లెక్క తప్పేం కాదు, పని నిజంగానే పెరుగుతుంది. దానికి బదులుగా దక్కేది, ఏ క్షణంలోనైనా ఒక అడుగు వెనక్కి వేయగలగడం. కుబెర్నెటిస్‌లో రోల్‌అవుట్‌ని వెనక్కి తిప్పితే కోడ్ వెనక్కి వెళ్తుంది, టేబుల్ వెళ్లదు. స్కీమా రెండింటికీ సరిపడకపోతే రోల్‌బ్యాక్ బటన్ ఉన్నా లేనట్టే.

ఆ 502లు

కోడ్ తప్పు కాని ఆ రెండు గొడవలకు కారణం వెతకడానికి ఒక రోజు, సరిచేయడానికి ఇంకో రోజు పట్టింది. పాడ్‌ని తీసేటప్పుడు కుబెర్నెటిస్ సిగ్‌టర్మ్ (ఇక ఆగమనే సిగ్నల్) పంపడం, రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ జాబితాలోంచి ఆ పాడ్‌ని తీయడం రెండూ ఒకేసారి మొదలవుతాయి, ఒకదాని కోసం ఒకటి ఆగవు. పాడ్ ముందే మూసుకుపోతే, ఇంకా దాని వైపే వస్తున్న రిక్వెస్టులకు 502. ఆపేముందు నడిచే ప్రీస్టాప్‌లో 15 సెకన్లు ఊరికే ఆగేలా పెట్టారు. స్ప్రింగ్ బూట్‌లో గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ (చేతిలో పని ముగించి ఆగడం) తెరిచి 25 సెకన్లు ఇచ్చారు. ప్రీస్టాప్ సమయం కూడా గ్రేస్ పీరియడ్‌లో (బలవంతంగా చంపేముందు కుబెర్నెటిస్ ఇచ్చే గడువులో) కలిసే ఉంటుంది కాబట్టి, మామూలుగా ఉండే 30 సెకన్లు చాలక 60 చేశారు. బ్యాలెన్సర్‌లో డీరిజిస్ట్రేషన్ ఆలస్యం 300 సెకన్ల నుంచి 30కి తగ్గించారు.

నోడ్ సర్వీసుల్లో ఇవన్నీ చేసినా తగ్గలేదు. ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో ఎంట్రీపాయింట్ (మొదట నడిచే ఆదేశం) షెల్ రూపంలో రాసి ఉంది. అప్పుడు ఒకటో నంబర్ ప్రాసెస్ షెల్ అవుతుంది, అది సిగ్‌టర్మ్‌ని కింది నోడ్‌కి అందించదు. గడువయ్యాక బలవంతంగా చంపే సిగ్‌కిల్‌తో నడుస్తున్న పనులన్నీ తెగిపోతాయి. షెల్ లేకుండా నోడ్‌నే నేరుగా లేపే బ్రాకెట్ల రూపంలోకి మార్చారు. అదొక్కటే చాలదు: ఒకటో నంబర్‌లో ఉన్న ప్రాసెస్ తానుగా సిగ్నల్‌ని పట్టుకోకపోతే కెర్నల్ దాన్ని పట్టించుకోదు. కోడ్‌లో సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ కూడా రాయాలి.

రెడీనెస్ ప్రోబ్‌లో ఇంకో పొరపాటు. బిల్లుల సర్వీసు తాను సిద్ధమా అని చెప్పేముందు పన్నుల సర్వీసుని కూడా పలకరించేది. పన్నుల సర్వీసు కాస్త నెమ్మదిస్తే, బిల్లుల పాడ్‌లు ఆరూ ఒకేసారి "సిద్ధంగా లేం" అని పక్కకు తప్పుకునేవి. ప్రోబ్ తన సంగతి తాను చెప్పాలి, పొరుగువాళ్ల సంగతి కాదు.

రాత్రి నుంచి పగటికి

ఇప్పుడు ఆ రెండో లెక్క దగ్గరికి. రాత్రి 10కి పంపితే దెబ్బ చిన్నదన్నారు. రాత్రి వాడేవాళ్లే లేనప్పుడు తప్పు కూడా బయటపడదు, తెల్లారి 4కి లోడింగ్ దగ్గర బయటపడుతుంది, అప్పటికి పంపినవాళ్లు నిద్రలో ఉంటారు. అందుకని రిలీజ్‌ని పగటికి మార్చారు. పగలు 11.30కి సెకనుకి 40 రిక్వెస్టులు వస్తాయి. 5 శాతానికి కానరీ పెట్టాలని (కొత్త వెర్షన్‌ని ముందు కొద్ది రిక్వెస్టుల మీదే నడిపి చూడాలని) మొదట అనుకున్నారు. అంటే సెకనుకి 2. పది నిమిషాలకు 1,200. మామూలు రోజే ఎర్రర్లు వెయ్యికి 5 ఉంటే ఇందులో రావాల్సినవి 6. తొమ్మిది వస్తే అది తప్పో, యాదృచ్ఛికమో చెప్పలేం. ఆరు పాడ్‌లలో ఒకటి కొత్తది చేసి 15 నిమిషాలు ఉంచితే 6,000 రిక్వెస్టులు, రావాల్సిన ఎర్రర్లు 30. అరవై కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. పోలిక కూడా నిన్నటితో కాదు, అదే 15 నిమిషాల్లో పాత పాడ్‌లతో.

రోల్‌బ్యాక్ అంటే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) పాత డైజెస్ట్‌కి తిప్పే కమిట్. క్లస్టర్‌లో చేత్తో తిప్పితే, గిట్‌లో ఉన్నదాన్ని క్లస్టర్‌లో అమలుచేసే ఆర్గో సీడీలో సెల్ఫ్-హీల్ పెట్టి ఉన్నప్పుడు అది గిట్‌లో ఉన్న చెడ్డ వెర్షన్‌నే మళ్లీ తెచ్చి పెడుతుంది. మొదటి నెలలో ఒకసారి జరిగింది కూడా, రెండుసార్లు పాడవడం అంటే ఇదే.

పెద్ద ఫీచర్లకు ఫ్లాగ్‌లు (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే మీటలు) వాడారు. ప్రతి ఫ్లాగ్‌కీ ఒక యజమాని, ఒక గడువు. గడువు దాటితే బిల్డ్ పడుతుంది. పాత ఫ్లాగ్ పేరుని కొత్త పనికి వాడటం నిషేధం. 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నప్పుడు, ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు, పాత ఫ్లాగ్‌ని కొత్త పనికి వాడారు. ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్ లేచి కూర్చుంది.

ఏం మిగిలింది, ఏం మార్చుకోవాలి

నాలుగు నెలల తర్వాత వారానికి 20 దాకా చిన్న డిప్లాయ్‌లు, మర్జ్ నుంచి ప్రొడక్షన్‌కి 40 నిమిషాల లోపు. గొడవలు ఆగలేదు: ఐదుసార్లు వెనక్కి తిప్పారు, ప్రతిసారీ పది నిమిషాల్లోపే. ప్రీ-ప్రొడ్ మూసేశారు. శుక్రవారం మధ్యాహ్నం 12 తర్వాత పంపకూడదన్న కట్టుబాటు మాత్రం ఉంచారు. బస్సులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

మళ్లీ చేస్తే వరస మార్చాలి. 502లది రెండు రోజుల పని, కస్టమర్‌కి కంటికి కనిపించే మేలు. దాన్ని మూడో నెలలో చేయడం పొరపాటు. 11 గొడవల జాబితా బడ్జెట్‌కి ముందే రావాల్సింది, అప్పుడు ప్రీ-ప్రొడ్ మీద మూడు వారాలు పోయేవి కావు. పరీక్షలు 180 నుంచి 12కి తగ్గించే ముందు "ఫ్లేకీ" చీటీ ఉన్న ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా చదవాలి. బిల్లు తేదీ పరీక్ష చెత్తబుట్టలోకి పోకపోవడం ఒకరి మొండితనం వల్లే.

తెగని ముడి ఒకటుంది. సర్వర్‌ని వెనక్కి తిప్పొచ్చు గానీ, సేల్స్‌మెన్ ఫోన్లలో ఉన్న యాప్‌ని తిప్పలేం. పాత యాప్ వెర్షన్లు నెలల తరబడి పాత ఏపీఐనే పిలుస్తుంటాయి. అందుకే ఆ ఫోన్ నంబర్ల మార్పులో మూడు అడుగులు పడ్డాయి, నాలుగోది పడలేదు. పాత కాలమ్‌ని చదివే ఏపీఐకి లెక్కపెట్టే మీటర్ పెట్టారు. ఏడు రోజులు వరసగా సున్నా చూపిస్తే తీసేయాలని టికెట్‌లో రాసుకున్నారు. ఇది రాసేనాటికి మీటర్ రోజుకి 31 చూపిస్తోంది, అన్నీ తెల్లవారుజామున 4 నుంచి 5 మధ్యలోనే.